సోరెల్ వంతెన మీద బ్రేకు

కార్టర్స్ లైన్, ఉత్తర డకోటా
1976 ఫిబ్రవరి 9

థోరాకి,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానని ముఖం చిట్లించకు. అమ్మ అంత్యక్రియల తర్వాత మనిద్దరం ఫోన్లో మాట్లాడింది మూడుసార్లు, మూడుసార్లూ ఎవరో ఒకరం విసురుగా పెట్టేశాం. కాగితం మీదైతే నువ్వు మధ్యలో మాట అందుకోలేవు.

నేను సరిహద్దుకి యాభై గజాల ఇవతల ఆగి ఉన్నాను. డకోటా వాళ్ళ పర్మిట్ ఆ గీత దాకానే. మోంటానా పర్మిట్ ఇంకా రాలేదు. కాఫీ హోటల్ మాత్రం గీత అవతల ఉంది. అందుకని రోజూ పొద్దున్నే నడిచి మోంటానాకి వెళ్ళి, గుడ్లూ వేయించిన బంగాళదుంపలూ తిని, మళ్ళీ డకోటాకి వచ్చి బండిలో కూర్చుంటున్నాను. నా వరకు పర్మిట్ అక్కర్లేదు, నేను నూట తొంభై పౌండ్లే కదా.

బండి మీద ఉన్నది పౌండ్లలో చెప్పేది కాదు. డ్యాంలో నీటి ధాటికి తిరిగే ఉక్కు చక్రం. అతుకు లేకుండా ఒకటే ముక్క. పద్దెనిమిది అడుగుల వెడల్పు, తొంభై ఆరు టన్నులు. బండీ ట్రైలరూ కలిపితే నూట అరవై. ఇరవై రెండేళ్ళుగా పెద్ద సరుకులు తోలుతున్నాను. బాయిలర్లు తోలాను, నిలువునా ఇళ్ళు తోలాను, ఒకసారి చర్చి గోపురం తోలాను. ఇలాంటిది చూడలేదు, థోరా. పదహారు రెక్కలు. ఒక్కోటీ ఒక్కో రకంగా వంగినట్టుంటుంది, చుట్టూ తిరిగి చూస్తే అన్నీ ఒకటే. పొద్దున్న లేచి చూస్తే వాటి నునుపులో ఆకాశం మెలి తిరిగి కనిపిస్తుంది. నేను పళ్ళు తోముకోవడం మానేసి దాని వంక చూస్తూ నిలబడ్డానని వాండా నవ్వింది. వాండా అంటే నా ముందు కారులో వెళ్ళే ఆవిడ. ఎదురొచ్చే వాళ్ళని పక్కకి ఆపించడం ఆమె పని. మా ఇద్దరి మధ్యా రేడియో ఉంటుంది కాబట్టి తొమ్మిది వందల మైళ్ళుగా ఆమె మాటలు వింటూ వస్తున్నాను, దానికి మాత్రం ఎవరి పర్మిటూ లేదు.

మోంటానా పర్మిట్లు ఇచ్చే ఆఫీసులో నువ్వు వంతెనల లెక్కలు వేస్తావని తెలుసు. నా కాగితం ఎవరి బల్ల మీద నిద్రపోతోందో కాస్త చూసి లేపు. మార్చి పదో తారీకు నుంచి రోడ్డు కింద గడ్డకట్టిన నేల కరగడం మొదలవుతుంది, ఇక మే దాకా బరువు బళ్ళు కదలకూడదు. నాకు ఉన్నది ఒకటే దారి. ఉత్తరాన సొరంగం ఇరుకు, దక్షిణాన రోడ్డుకి ఈ వెడల్పు పట్టదు. సోరెల్ నది మీది పాత వంతెన దాటితేనే డ్యాం.

హాల్వర్


ఆల్డర్ గ్యాప్, మోంటానా
ఫిబ్రవరి 13

అన్నయ్యకి,

నీ ఉత్తరం అందింది. కాగితం నిద్రపోవడం లేదు. నీకు చెల్లెల్ని కాబట్టి దాని గురించి నేను మాట్లాడకూడదు, కాబట్టి ఇది ఉత్త కబుర్ల ఉత్తరం అనుకో.

మొన్న మంగళవారం మా ఆఫీసు పెద్దాయన ప్రూయిట్‌తో కలిసి సోరెల్ వంతెన కిందకి దిగాను. నది గడ్డకట్టి ఉంది, దాని మీద నిచ్చెన వేసుకుని కమ్మీల్ని బిగించే రివెట్లు ఒక్కొక్కటే సుత్తితో కొట్టి చూశాం. వదులైంది వేరేగా పలుకుతుంది. నాలుగు వందల పైన కొట్టాం, రెండే వేరేగా పలికాయి. ఈ వంతెన కట్టినవాళ్ళు గుర్రపు బళ్ళనీ ధాన్యం బళ్ళనీ చూసినవాళ్ళు. ఇంత బరువు వాళ్ళ ఊహలో కూడా ఉండి ఉండదు. అయినా ఒక్కో కమ్మీ ఎంత లావు ఉండాలో అంతకన్నా కాస్త ఎక్కువే పెట్టారు. ఆ కాస్తా ఎవరి కోసం పెట్టారా అని చలిలో అలాగే చూస్తూ ఉండిపోయాను. ప్రూయిట్ రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

ఇంకోటి. మీ కంపెనీలో ఆ బండి తోలగలిగిన వాళ్ళు నువ్వు కాక ఇంకెవరున్నారు? ఊరికే అడుగుతున్నాను.

వెచ్చగా ఉండు.

థోరా


కార్టర్స్ లైన్
ఫిబ్రవరి 20

థోరాకి,

నిన్న టెలిగ్రాం వచ్చింది. సోరెల్ వంతెన దాటడానికి అనుమతి లేదట. రెండే లైన్లు. తొమ్మిది వందల మైళ్ళు తెచ్చినదాన్ని రెండు లైన్లలో ఆపేశారు.

ఇక్కడికి రోజూ జనం వస్తున్నారు. యాభై మైళ్ళ అవతలి పశువుల కాపరులు కూడా పని మానుకుని వస్తున్నారు. బడి పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చక్రం చుట్టూ గొలుసు కట్టి నిలబడ్డారు, పద్దెనిమిది మంది పట్టారు. నిన్న ఒక ముసలావిడ చేతి తొడుగు తీసేసి, ఆ చలిలో ఉత్త చేత్తో రెక్కని తడిమింది. ఏం తోచింది అని అడిగితే, ఇది తిరిగితే మా ఇంట్లో దీపం వెలుగుతుందా అంది. వెలుగుతుందన్నాను. వెలిగినప్పుడు దీన్నే తలుచుకుంటానంది. ఆవిడకి నేను ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

నాకు కోపమొచ్చిన మాట నిజమే. కానీ వాండా ఆ టెలిగ్రాం మళ్ళీ చదివి ఒక మాట అంది, ఇందులో అంకె ఏదీ అని. ఈ పనిలో ఉన్నవాళ్ళకి కాదనిపించుకోవడం కొత్త కాదు. కాదన్నప్పుడల్లా ఒక అంకె ఉంటుంది. ఇన్ని టన్నులు ఎక్కువైంది, ఫలానా ఇరుసు మీద ఇంత మించింది అని. అంకె ఇస్తే మేం ఇంకో వరుస చక్రాలు తగిలిస్తాం, ఆయిల్ ట్యాంకు సగం ఖాళీ చేస్తాం, ఏదో ఒకటి చేస్తాం. ఈసారి అంకె లేదు. ఉత్తగా లేదన్నారు.

ఎంత ఎక్కువైందో నాకు చెప్పు, థోరా. ఎంతైనా సరే తగ్గిస్తాను. పంతొమ్మిది రోజులే ఉన్నాయి.

హాల్వర్


ఆల్డర్ గ్యాప్
ఫిబ్రవరి 24

అన్నయ్యకి,

అంకె లేదు. ఎందుకంటే ఎక్కువ కాలేదు.

ఆ టెలిగ్రాం రాసింది నేను. ప్రూయిట్ నా లెక్క మీద నమ్మకంతో సంతకం పెట్టాడు, ఆయన తప్పేమీ లేదు.

వంతెన నీ బండిని మోస్తుంది. మూడుసార్లు లెక్కేశాను. నడిమి గీత మీద, గంటకి మూడు మైళ్ళ వేగంతో, వంతెన మీద ఇంకో బండి లేకుండా, గేరు మార్చకుండా వెళ్తే మోస్తుంది. మధ్యలో బ్రేకు వేస్తే మాత్రం నూట అరవై టన్నుల కుదుపంతా ఆ పాత కమ్మీల మీద ఒక్కసారి పడుతుంది. అప్పుడు మోస్తుందో లేదో నా లెక్క చెప్పదు. మిగతా ఏ డ్రైవరైనా అయితే బ్రేకు వేయరాదు అని ఒక వాక్యం రాసి సంతకానికి పంపేదాన్ని. ఫారంలో డ్రైవరు పేరు చూశాను, చెయ్యి ఆడలేదు.

నలభై తొమ్మిది జనవరి నీకు గుర్తుండే ఉంటుంది. మన ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి గుర్తు లేదనుకోవడం కుదరదు. ఎండుగడ్డి లారీతో నువ్వు గడ్డకట్టిన ఏరు దాటుతున్నావు. పదిహేడేళ్ళవాడివి. నేను గట్టు మీద నాన్న పక్కన నిలబడి ఉన్నాను. నాన్న నీకు చెప్పింది ఒక్కటే, చప్పుడు వినిపించినా ఆగకు, పోతూనే ఉండు అని. మంచు పగిలిన చప్పుడు మా దాకా వచ్చింది. ఆ తర్వాత బ్రేకు లైట్లు ఎర్రగా వెలిగాయి. పోతూనే ఉంటే దాటేసేవాడివే, ఇంకో ముప్పై అడుగులే. నువ్వు కిటికీలోంచి దూకావు. లారీ, గడ్డి మేం చూస్తుండగానే దిగిపోయాయి. ఆ రెండు ఎర్ర లైట్లు నీళ్ళ కింద కూడా కాసేపు వెలిగాయి.

వంతెనకి నువ్వు తెలియదు అన్నయ్యా, నాకు తెలుసు. వెడల్పు రాయడానికి గడి ఉంది, ఎత్తు రాయడానికి గడి ఉంది, ఒక్కో ఇరుసు బరువుకీ గడి ఉంది. ఈ మాట రాయడానికి ఫారంలో గడి లేదు. లేని గడి పెట్టి నిన్ను ఆపాను. అది తప్పని తెలుసు. ఇంకో డ్రైవరు పేరు పంపితే మర్నాడే పర్మిట్ వస్తుంది.

థోరా


కార్టర్స్ లైన్
ఫిబ్రవరి 27

థోరాకి,

నీకు రాసిన మూడు ఉత్తరాలు హోటల్ పొయ్యిలో వేశాను. హోటలావిడ నాలుగోదానికి కాగితాలు ఇవ్వనంది, ఇది బిల్లు వెనక రాస్తున్నాను.

గుర్తుంది. లైట్లు నీళ్ళ కింద వెలిగాయని మాత్రం తెలీదు, నేను వెనక్కి చూడలేదు.

మా కంపెనీలో డెల్బర్ట్ అని ఉన్నాడు. నిదానస్తుడు, పని తెలిసినవాడు. వాడు బస్సెక్కితే రెండు రోజుల్లో ఇక్కడుంటాడు. నేను వాడి పక్కన కూర్చుని దాటుతాను, లేదంటే నడిచి దాటుతాను. వాండాకి చెబితే, మీ చెల్లెలు మీరు బండి తోలడం ఎప్పుడైనా చూసిందా అని అడిగింది. ఆలోచిస్తే చూడలేదు. పెద్ద బండి ఎక్కినప్పటి నుంచీ నువ్వు నన్ను పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ తప్ప చూడలేదు.

డెల్బర్ట్ పేరు రాయమంటే రాస్తాను. గొడవ పెట్టుకోను. ఒక్కసారి వచ్చి దీన్ని చూసి వెళ్ళు. ఆ తర్వాత ఏం చెప్పినా సరే.

హాల్వర్


ఆల్డర్ గ్యాప్
మార్చి 4

అన్నయ్యకి,

నిన్ను చూసి ఇంటికి క్షేమంగా చేరాను. నీ ఎదుట చెప్పలేనివి రాస్తున్నాను, మన వరస అంతే కదా.

ఆ రోజు పొద్దున కొండ మలుపు తిరగగానే అది కనిపించింది. కారు పక్కకి ఆపేశాను. ఇన్నాళ్ళూ నా బల్ల మీద అది ఇరుసుకి ఇన్ని టన్నులు అని ఒక వరుస అంకెలు. ఆ మంచు మైదానంలో ఎండ పడి మెరుస్తుంటే, దీన్ని మనుషులు చేశారా అనిపించింది. దగ్గరికొచ్చి రెక్కల మధ్య తల పెట్టాను చూడు, లోపల గాలి హోరు వినిపిస్తోంది. నది ఇంకా ముట్టుకోనే లేదు, అప్పుడే నీటి చప్పుడు చేస్తోంది. నాకు ఏడుపొచ్చింది. చలికి కళ్ళు నీళ్ళు తిరిగాయని నీతో అబద్ధమాడాను.

నువ్వు నీ గొప్ప ఒక్కటీ చెప్పలేదు. టైర్లు ఒక్కొక్కటే తట్టి చూస్తూ బండి చుట్టూ తిరిగావు, రెండు గంటలు పట్టింది, నేను వెనకే తిరిగాను. చివర్లో నేను ఒక్క ప్రశ్న అడిగాను.

“నీకిప్పటికీ భయమేస్తుందా?”

“వేస్తుంది. రోజూ వేస్తుంది. లేకపోతే ఇన్నిసార్లు టైర్లెందుకు తట్టి చూస్తాను?”

లేదు అని ఉంటే ఆ క్షణమే డెల్బర్ట్‌ని పిలిపించేదాన్ని. ఏట్లోకి వెళ్ళిన ఆ రోజు పొద్దున, భయమా అని నాన్న అడిగితే నువ్వు లేదన్నావు.

పర్మిట్ ఈ కవరులోనే ఉంది. డ్రైవరు హాల్వర్ ట్వైట్. తొమ్మిదో తారీకు మంగళవారం, గాలి ఇరవై మైళ్ళు దాటకుంటే. పది షరతులు ఎప్పుడూ ఉండేవే. పదకొండోది నేను చేర్చాను: బండికి నలభై అడుగుల ముందు ఒక మనిషి గంటకి మూడు మైళ్ళ వేగంతో నడవాలి, బండి ఆ అడుగుల వెంటే రావాలి. ఎవరు నడుస్తారు అని ప్రూయిట్ అడిగాడు. లెక్కేసిన మనిషే నడవాలన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నూట అరవై టన్నులు, బ్రేకు వేయకూడని బండి, దాని ముందు నువ్వా అన్నాడు. అవునన్నాను.

నిన్ను నమ్మకుండా ఒక కాగితం రాశాను. ఈ కాగితం నిన్ను నమ్మి రాస్తున్నాను.

థోరా


హోబర్ట్ ఫ్లాట్, మోంటానా
మార్చి 9, సాయంత్రం

థోరాకి,

వంతెన దిగాక నీతో మాట్లాడే వీలే దొరకలేదు. జనం నిన్ను చుట్టుముట్టేశారు, నేనేమో పొద్దుగూకే లోపు ముప్పై మైళ్ళు వెళ్ళి రోడ్డు ఖాళీ చెయ్యాలి, నీ పర్మిట్‌లో నాలుగో షరతు. చేశాను. ఇప్పుడు అడుగుతున్నాను.

అవతలి గట్టున ఎంతమంది నిలబడ్డారో నువ్వు చూశావో లేదో. మూడు వందల మంది ఉంటారు. మగవాళ్ళు టోపీలు తీసేశారు. వాండా రేడియోలో నోరు మూసుకుంది, ఇన్ని మైళ్ళలో అదే మొదటిసారి. నువ్వు ఆ నీలం కోటు వేసుకుని గడియారం చూసుకుని నడక మొదలుపెట్టావు. నేను కదిలాను. ముందు చక్రాలు వంతెన ఎక్కాయి, తర్వాత ఒక్కో వరుసా ఎక్కింది, ఎక్కిన వరుస వరుసకీ ఇనుము ఒళ్ళు విరుచుకుంటున్నట్టు మూలిగింది. ఆ మూలుగు నా పళ్ళలోకి ఎక్కింది. పగిలిన మంచు చప్పుడుకీ దానికీ పెద్ద తేడా లేదు, థోరా, నీకు చెప్పకపోతే ఎవరికి చెప్పను. నీ కోటు మడమ దగ్గర అంచు ఒక్కటే చూస్తూ వచ్చాను.

సరిగ్గా నడిమధ్యకి వచ్చాక నువ్వు ఆగిపోయావు.

నెమ్మదించడం కాదు, ఆగిపోయావు. నలభై అడుగులు ముప్పై అయ్యాయి, ఇరవై అయ్యాయి. నా కాలు బ్రేకు మీదకి వెళ్ళింది, అబద్ధమెందుకు. పెడల్ చల్లదనం బూటులోంచి తెలిసింది. హారన్ కొడదామంటే ఉలిక్కిపడి వెనక్కి తిరిగి అక్కడే నిలబడిపోతావేమోనని కొట్టలేదు. తొక్కితే వంతెన, తొక్కకపోతే నువ్వు. ఆ లెక్క వెయ్యడానికి నాకు నాలుగో ఐదో సెకన్లు ఉన్నాయి. నాకు లెక్కలు రావు. నువ్వు నడుస్తావు అని మాత్రం అనుకున్నాను. థోరా నడుస్తుంది, థోరా నడుస్తుంది అని పైకే అన్నాను, రేడియో తెరిచి ఉంది, వాండా విన్నది. కాలు తీసేశాను. బండి పోతూనే ఉంది.

పన్నెండు అడుగుల దూరంలో నువ్వు కదిలావు. వెనక్కి తిరిగి చూడనైనా లేదు. ఏమీ జరగనట్టు అదే నడక నడిచావు.

దిగాక ఇంజను ఆపి, తలుపు తీసి, రోడ్డు పక్క మంచులో వాంతి చేసుకున్నాను. చక్రం క్షేమం. దాని రెక్కల్లో సాయంత్రం ఎర్రగా మెలి తిరిగింది, ఈ ఊళ్ళో జనం దాని చుట్టూ చేరారు, నన్నెవరూ పట్టించుకోవడం లేదు, అదే మంచిది.

కోపంతో అడగడం లేదు. ఎందుకాగావు?

హాల్వర్


ఆల్డర్ గ్యాప్
మార్చి 13

అన్నయ్యకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను ఆగానని నాకు తెలీదు. నువ్వు రాశాకే తెలిసింది. ప్రూయిట్‌ని అడిగితే, ఆరు సెకన్లు ఆగావు, లెక్కపెట్టాను, దాని గురించి ఇక నన్ను అడగొద్దు అన్నాడు. ఆయన అవతలి గట్టున ఉన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు, ఎందుకో ఇప్పుడర్థమైంది.

జరిగింది చెబుతాను, సిగ్గుపడుతూనే చెబుతాను. బరువు మధ్యకి వచ్చినప్పుడు వంతెన ఎంత దిగుతుందో ముందే లెక్కేశాను. ఒకటింపావు అంగుళం. పద్నాలుగేళ్ళుగా ఇలాంటి లెక్కలు వేస్తున్నాను అన్నయ్యా, ఏ వంతెన దిగడమూ నా కాళ్ళతో నేను ఎరగను. కాగితం మీద రాసి, కింద రెండు గీతలు గీసి, ఇంకో కాగితం తీసుకోవడమే నా పని. ఆ రోజు నువ్వు నా వెనక మధ్యకి వచ్చావు, నా బూట్ల కింద రోడ్డు దిగింది. ఎవరో పెద్దమనిషి ఊపిరి వదిలి కుర్చీలో సర్దుకున్నట్టు నెమ్మదిగా దిగింది, దిగాల్సినంతే దిగి నిలబడింది. నన్నూ నిన్నూ ఆ చక్రాన్నీ కలిపి మోసింది. వాళ్ళు ఎవరి కోసం పెట్టారా అనుకున్న ఆ కాస్త ఎక్కువ ఇనుము మన కోసమే. నాకు ఒళ్ళంతా పులకరించింది. నా జన్మలో అంత సంతోషం నాకు తెలీదు. ఆ సంతోషంలో నిన్ను మరిచిపోయాను. నా వెనక బండి ఉందని, అందులో నువ్వున్నావని, నువ్వు ఆగకూడదని, అది రాసింది నేనేనని, అన్నీ మరిచిపోయాను.

ఇరవై ఏడేళ్ళు నువ్వు వేసిన ఒక్క బ్రేకుని పట్టుకుని వేలాడాను. నేను చేసిన పనికి నువ్వు ఎందుకాగావని అడిగి ఊరుకున్నావు. క్షమించు. ఈ ఆదివారం ఫోన్ చేస్తాను, నువ్వు మధ్యలో అందుకున్నా ఏమీ అనుకోను.

ఇవాళ పొద్దున ఆఫీసులో నమూనా పర్మిట్ తీసి, ఇకమీద ఈ వంతెన దాటే ప్రతి బండికీ వర్తించేలా పన్నెండో షరతు రాశాను. ప్రూయిట్ ఏమీ అడగకుండా సంతకం పెట్టాడు. ముందు నడిచే మనిషి ఆగకూడదు.

థోరా